పదింటి ఎండ

‘పదహారో స్థానం’ సీరియల్: పద్నాలుగో భాగం

మధ్యలో ఒకటి రెండు వారాలు తప్పిపోయినవాళ్ళ కోసం ముందుగా నాలుగు మాటలు. సీజన్ సగం దాటింది. పద్దెనిమిది ఫుట్‌బాల్ జట్లలో మన వాల్‌మొరె పదహారో స్థానం పట్టుకుని వేలాడుతోంది. ఆఖరి రెండు స్థానాలవాళ్ళు మే నెలలో నేరుగా రెండో డివిజన్‌కి దిగిపోతారు, పదహారోవాళ్ళకి మాత్రం ఇంకో పోరు ఆడి బతికి బయటపడే అవకాశం ఉంటుంది. ఒక్క పాయింటు వెనకే కెర్మోర్ జట్టు కాచుకుని ఉంది. ఆ కెర్మోర్‌తోనే ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మన మైదానంలో మ్యాచ్. మన గోల్స్‌లో సగానికి పైగా కొట్టిన ముగ్గురూ ఆఫ్రికా కప్పు ఆడటానికి తమ తమ దేశాల జట్లకి వెళ్ళిపోయి ఉన్నారు. చలి చూస్తే సున్నాకి తొమ్మిది డిగ్రీలు కిందికి పోయింది. శుక్రవారం పొద్దున, మైదానం బాగోగులు చూసే ఒడిల్ తిరియోన్ బాయిలర్ గదిలో మీట నొక్కబోతుండగా, క్లబ్ అధ్యక్షుడు రెజిస్ కొలెన్ తలుపు తోసుకొచ్చి “ఆగు, అది వెయ్యకు” అన్నాడు.

ఒడిల్ చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

“ముందు తలుపెయ్యి. చలి లోపలికొస్తోంది,” అంది.

రెజిస్ తలుపేశాడు. ఖరీదైన కోటు గోడకి తగలకుండా ఒళ్ళు దగ్గరికి తీసుకుని నిలబడ్డాడు. ఆ గదిలో ఇద్దరు మనుషులు పట్టడమే కష్టం. అందులో ఒకడు అధ్యక్షుడైతే మరీ కష్టం. నలుగురి ముందూ ఒడిల్ ఆయన్ని “మీరు” అంటుంది, “అధ్యక్షులవారూ” అని కూడా అంటుంది. ఎవరూ లేనప్పుడు మాత్రం నువ్వే. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు. లెక్కలు ఆవిడ చేసేది, ఆయన చూసి రాసుకునేవాడు.

“నేను నిన్నేమీ చెయ్యమనటం లేదు ఒడిల్. ఊరికే ఉండమంటున్నాను, అంతే. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం అంత కష్టమా?”

“కష్టమే. ఇన్నేళ్ళుగా నిన్ను చూస్తూ కూడా నేర్చుకోలేకపోయాను.”

రెజిస్ నవ్వలేదు. చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండున్నర. ఆ చూపు ఎందుకో ఒడిల్‌కి తెలుసు. మైదానంలో గడ్డి కింద వేడినీళ్ళ గొట్టాలు పరిచి ఉన్నాయి. మీట నొక్కిన గంటకి గొట్టాలు వేడెక్కుతాయి గానీ, పైనున్న మట్టి వేడెక్కడానికి రెండు రోజులు పడుతుంది. ఆదివారం మధ్యాహ్నానికి నేల మెత్తగా ఉండాలంటే శుక్రవారం మధ్యాహ్నం లోపల వెయ్యాల్సిందే. ఆ తర్వాత ఎంత మండించినా అది బాయిలర్ గదిలో కూర్చుని చలి కాచుకోవడానికే పనికొస్తుంది. అంటే రెజిస్ ఇక్కడ అరగంట కబుర్లు చెబుతూ నిలబడినా చాలు, ఆయన పని అయిపోతుంది.

“సెకు లేడు, మమదు లేడు, యావొ లేడు,” అని వేళ్ళు మడిచాడు రెజిస్. “ఆదివారం ముందు వరసలో ఎవర్ని నిలబెట్టాలో కోచ్‌కే తెలీటం లేదు. పాపం ఆ లుసియెన్‌ని దుమ్ము దులిపి తీస్తాడట. ముప్పై ఆరేళ్ళు వాడికి! మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకుంటాడు. అదే నేల గడ్డకట్టి మ్యాచ్ వాయిదా పడిందనుకో, మళ్ళీ ఆడించేది ఫిబ్రవరిలోనే. అప్పటికి ముగ్గురూ వచ్చేస్తారు.”

“గడ్డకట్టకుండా చూడటమే నా ఉద్యోగం రెజిస్.”

“చెడిపోతే నువ్వేం చేస్తావు? డిసెంబరులో రెండుసార్లు చెడిపోయింది కదా ఇదే బాయిలర్!” అంటూ కోటు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. లీగ్‌కి రాసిన ఉత్తరం. శుక్రవారం పొద్దున పదకొండు గంటలకి బాయిలర్ హఠాత్తుగా ఆగిపోయిందనీ, మెకానిక్ సోమవారం గానీ రాలేనన్నాడనీ అందులో ఉంది. కింద ఒడిల్ సంతకానికి చోటు వదిలారు.

ఒడిల్ దాన్ని రెండుసార్లు చదివింది. “పదకొండింటికి చెడిపోయిందా? అయితే అరగంట అయిందన్నమాట. ఆ సంగతి దానికెవరూ చెప్పినట్టు లేదే,” అని బాయిలర్ వైపు చూసింది.

“వేళాకోళం కాదిది.”

“నాకూ కాదు. ఇంటి జట్టు తప్పు వల్లే మ్యాచ్ ఆగిందని తేలితే ఆడకుండానే మూడు పాయింట్లూ వాళ్ళకి రాసిచ్చేస్తారు. రూలు నీకు తెలియనిదా?”

“తేలదు. నీ మాట మీద అనుమానపడే రిఫరీ ఈ దేశంలో లేడు.”

ఆ మాటకి ఒడిల్ మనసు చివుక్కుమంది. పొగడ్త ముసుగులో దెబ్బ అది. పంతొమ్మిదేళ్ళుగా, వచ్చిన రిఫరీ వచ్చినట్టు ముందు ఆవిడనే అడుగుతాడు, “ఎలా ఉంది మదామ్ తిరియోన్?” అని. ఆవిడ “ఆడొచ్చు” అంటే ఆడిస్తారు, “వద్దు” అంటే పెట్టె సర్దుకుంటారు. మడమతో నేల తొక్కి చూడటం ఆ తర్వాత మొక్కుబడి. చెప్పుకోవడానికి ఆవిడకి ఈ ఊళ్ళో మేడలూ లేవు, మిద్దెలూ లేవు. ఉన్నదల్లా ఆ మాట ఒక్కటే. ఇప్పుడు రెజిస్ దాన్ని తన కాగితం కింద ముద్ర వెయ్యడానికి అడుగుతున్నాడు.

“ఆట లేకపోతే ఎవరికీ దెబ్బ తగలదు కూడా,” అన్నాడు రెజిస్ గొంతు తగ్గించి. “మీ నాన్న సంగతి...”

“నాన్న సంగతి ఎత్తకు.”

ఎత్తకపోయినా ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఒడిల్‌కి ముందు ఈ మైదానం ఆవిడ తండ్రి అనిసె తిరియోన్ చేతిలో ఉండేది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, గొట్టాలూ గిట్టాలూ లేని రోజుల్లో, ఇలాంటి జనవరిలోనే, అప్పటి అధ్యక్షుడు ఒత్తిడి పెడితే అనిసె “ఆడొచ్చు” అన్నాడు. ఆట మొదలైన పావుగంటకి జోయెల్ అనే ఇరవై రెండేళ్ళ డిఫెండర్ జారిపడ్డాడు. మోకాలు మళ్ళీ అతుక్కోలేదు. జోయెల్ ఇప్పుడు జట్టు బస్సు నడుపుతాడు. వీధిలో అనిసె కనిపిస్తే హారన్ కొట్టి మరీ పలకరిస్తాడు. ముసలాయన మాత్రం టోపీ తీసి, ముఖం ఇంకోవైపు తిప్పుకుంటాడు.

“చలికి నీ ఉత్తరం చదవడం రాదు రెజిస్,” అంది ఒడిల్. “సగం గడ్డకట్టి సగం కట్టని నేలని చూసి రిఫరీ ఆడమన్నాడనుకో, టీవీవాళ్ళు మూడింటికల్లా బొమ్మ కావాలని వాడి నెత్తిన కూర్చున్నారనుకో, అప్పుడు లుసియెన్ మోకాలు ఎవరు తెచ్చిస్తారు? నువ్వా?”

మీట నొక్కేసింది. బాయిలర్ ఒక్కసారి దగ్గి, మంట అందుకుంది.

రెజిస్ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలూ పెట్టాడు. కోపం వస్తే ఆయన గొంతు ఇంకా మర్యాదగా మారుతుంది. “సరే మదామ్ తిరియోన్. మేలో మనం కిందికి దిగిపోతే, మీ సహాయకుడు గాస్పార్‌కి ఉద్యోగం పోయిందని మీరే చెప్పండి. టికెట్ల దగ్గర ఆడవాళ్ళకీ, బట్టలుతికే ఆవిడకీ కూడా మీరే చెప్పండి. అరవై మంది లెక్క తేలతారు,” అని వెళ్ళిపోయాడు.

ఒడిల్ పైకి గట్టిగానే మాట్లాడింది గానీ, తలుపు మూసుకున్నాక తిరగేసిన బకెట్ మీద కూలబడింది. అరవై మంది అన్న మాట పోవడం లేదు. ఆ అరవైలో తనూ ఉంది. యాభై రెండేళ్ళ మనిషికి ఇంకో మైదానం ఎవరిస్తారు?

* * *

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి, చలికాలపు పొద్దు ఇంకా సరిగ్గా తెల్లారకుండానే, ఒడిల్ మైదానం మీద కప్పిన తెల్ల పట్టా అంచు ఎత్తి, మట్టిలోకి గుచ్చే పొడుగాటి థర్మామీటర్ దించింది. ఆరు డిగ్రీలు. మనసు కాస్త తేలికపడింది. పట్టా కింద అడుగడుక్కీ గుచ్చుకుంటూ దక్షిణం వైపుకి నడిచింది. ఐదున్నర. ఐదు. సగం గీత దాటి రెండు బారలు వెళ్ళేసరికి సున్నా.

థర్మామీటర్ పాడైందనుకుంది. గాస్పార్ దగ్గరున్నది తెప్పించింది. గాస్పార్ ఆవిడ దగ్గర పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, నలభై దాటినవాడు. అది కూడా సున్నాయే చెప్పింది.

“బాస్, నేను బాయిలర్ ముట్టుకోలేదు,” అన్నాడు గాస్పార్, ఎవరూ అడక్కముందే.

“నిన్నెవరన్నారు? పానా పట్రా.”

మైదానానికి రెండు వాల్వులున్నాయి. ఎండ పడే సగానికి ఒకటి, ఎనిమిదేళ్ళ కిందట రెజిస్ కట్టించిన పెద్ద దక్షిణ గ్యాలరీ నీడలో పడే సగానికి ఇంకొకటి. రెండోది గ్యాలరీ వెనక, ఇనప మూత ఉన్న గోతిలో ఉంది. ఒడిల్ మోకాళ్ళ మీద కూర్చుని మూత లేపింది. వాల్వు మూసి ఉంది. రాత్రంతా నీడవైపు గొట్టాల్లో చుక్క వేడినీళ్ళు తిరగలేదు.

పానా బిగించి తిప్పబోతూ ఆగిపోయింది. వాల్వుని చివరికంటా మూసి, మళ్ళీ పావు చుట్టు వెనక్కి వదిలారు. చలికి ఇనుము బిగుసుకుపోయి మర్నాడు మొండికెయ్యకుండా చేసే పని అది. గాస్పార్‌కి ఆ అలవాటు లేదు. ఎన్నిసార్లు చెప్పినా చివరికంటా బిగించి పారేస్తాడు. రెజిస్‌కి వాల్వంటేనే తెలీదు. ఆ పావు చుట్టు వదిలే చేతులు ఈ ఊళ్ళో రెండే జతలున్నాయి. ఒకటి తనది. రెండోది, తనకి అది నేర్పిన మనిషిది.

గాస్పార్ కూడా గోతిలోకి తొంగి చూశాడు.

“ఏమైంది బాస్? ఎవరి పనంటారు?”

“తెలీదు,” అంది ఒడిల్. గాస్పార్‌తో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం బహుశా అదే. “నువ్వెళ్ళి బాయిలర్ పూర్తిగా పెంచు. ఎంతవరకు పోతే అంతవరకు.”

వాల్వు తెరిచింది. గొట్టంలో నీళ్ళు పరిగెత్తిన చప్పుడు వినిపించింది. ఆట మొదలవడానికి ముప్పై గంటలుంది. కావాల్సింది నలభై ఎనిమిది.

* * *

స్టేడియం ఎదుటి కాఫీ హోటల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర, అనిసె తిరియోన్ తన ముగ్గురు స్నేహితులతో పేకాడుతున్నాడు. డెబ్బై ఏడేళ్ళు. ముందు తెల్ల వైన్ గ్లాసు, పక్కన తిని వదిలేసిన ఉల్లిపాయ రొట్టె ముక్క. కూతుర్ని చూడగానే పేకముక్కలు బోర్లా పెట్టేశాడు. ఆ చెయ్యి పెట్టిన తీరులోనే ఒడిల్‌కి జవాబు దొరికిపోయింది.

“బయటికి రా నాన్నా.”

“చలిగా ఉందమ్మా. ఇక్కడే చెప్పు.”

“ఇక్కడ చెబితే వీళ్ళు ముగ్గురూ వింటారు. వీళ్ళు విన్నది సాయంత్రానికి కెర్మోర్‌లో కూడా తెలుస్తుంది.”

ముగ్గురు ముసలాళ్ళూ నొచ్చుకున్నట్టు ముఖాలు పెట్టారు గానీ కాదనలేదు. అనిసె లేచి, కండువా చుట్టుకుని, గుమ్మం బయటికి వచ్చాడు.

“ఎప్పుడు మూశావు?”

ముసలాయన బుకాయించలేదు. “నిన్న చీకటి పడ్డాక. నా దగ్గర పాత తాళంచెవి ఉందిగా.”

“రెజిస్ చెప్పాడా?”

“వచ్చాడు. కాఫీ తాగాడు. ఏడ్చినంత పని చేశాడు. ఆదివారం ఓడితే ఇక లేవలేమన్నాడు, నీ ఉద్యోగం కూడా పోతుందన్నాడు. ఎలా చెయ్యాలో మాత్రం అతను చెప్పలేదు. అది నేనే ఆలోచించుకున్నాను. నువ్వు చూసేది మొదట ఎండవైపే కదా, పొద్దున్నే నీకు తెలియకుండా ఉంటుందని...”

“నాకు తెలియకుండా! నా మైదానంలో!” ఒడిల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. “నేను వాడి మొహం మీద కాదన్నాను నాన్నా. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా కాదన్నాను. నువ్వెళ్ళి దొంగలాగా...”

“అరవకే. చెప్పేది విను.” ముసలాయన హోటల్ కిటికీ వంక చూశాడు. “నేను ఒకసారి అధ్యక్షుడి మాట విని ‘ఆడొచ్చు’ అన్నాను. ఏమైందో నీకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆ బస్సు నా ముందునుంచి పోతోంది. ఈసారి అధ్యక్షుడే వచ్చి ‘ఆడనివ్వద్దు’ అంటున్నాడు. ఆడనివ్వకపోతే ఎవడి కాలూ విరగదు కదా! నా జన్మలో ఒక్కసారైనా, క్లబ్‌కీ మంచిది, కుర్రాళ్ళ కాళ్ళకీ మంచిది అనిపించింది. తప్పనిపించలేదమ్మా. నిజంగా తప్పనిపించలేదు.”

ఒడిల్ తిట్టాలనే వచ్చింది. తిట్టకుండా, ఆయన మెడ మీంచి జారిన కండువా సరిచేసింది. తండ్రి ముక్కు చలికి ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళు చలివో, ఇంకోటో.

“రేపు పదింటికి రిఫరీ వస్తాడు,” అన్నాడు అనిసె, కూతుర్ని సముదాయిస్తున్నట్టు. “నీడవైపు మడమ పెడతాడు. రాయిలా తగులుతుంది. వాయిదా వేసి పోతాడు. నువ్వు నోరు విప్పక్కర్లేదు. నిన్నెవరూ ఏమీ అడగరు.”

“పదింటి ఎండ సంగతి ఆలోచించావా?”

“ఏ ఎండ?”

ఒడిల్ తండ్రి ముఖంలోకి చూసింది. ఆయనకి నిజంగానే తెలీదు. ఆయన మానేసిన పదకొండేళ్ళకి గానీ దక్షిణ గ్యాలరీ లేవలేదు. ఆయన కాలంలో అటువైపు ఖాళీ గట్టు మాత్రమే ఉండేది, గడ్డకడితే మైదానం ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకేలా గడ్డకట్టేది, కళ్ళు మూసుకుని తొక్కినా తెలిసిపోయేది. ఇప్పుడలా కాదు. రోజంతా నీడలో ఉండే ఆ సగం మీద, పొద్దున పది నుంచి పదిన్నర దాకా, రెండు గ్యాలరీలు కలిసే మూల సందులోంచి ఎండ వచ్చి పడుతుంది. అరగంట మాత్రమే. ఆ అరగంటలో పైపైన రెండు వేళ్ళ మందం కరిగి మెత్తబడుతుంది.

“కింద నుంచి నా వేడి ఇంకా పైకి చేరదు నాన్నా. పైన ఎండకి మెత్తబడుతుంది. మధ్యలో గడ్డకట్టిన పలక అలాగే ఉంటుంది. రిఫరీ మడమ దిగుతుంది. బాగుందంటాడు.”

అలాంటి నేల ఏం చేస్తుందో అనిసెకి కూతురు చెప్పక్కర్లేదు. మొత్తం గట్టిగా ఉంటే ఆటగాడు భయపడి జాగ్రత్తగా నడుస్తాడు. పైన మెత్తగా ఉంటే నమ్మి పరిగెత్తుతాడు, బూటు మేకులు పట్టు దొరకక కింది పలక మీద జారిపోతాయి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, ఎండకి మైదానమంతా పైపైన కరిగిన ఆ రోజు నేల అచ్చం అదే.

“పొద్దునపూట నేనక్కడికి రాను కదే,” అన్నాడు చివరికి, చిన్నపిల్లవాడిలా. “నాకెలా తెలుస్తుంది?”

* * *

ఆ పగలూ ఆ రాత్రీ ఒడిల్ చెయ్యగలిగిందంతా చేసింది. పట్టా మీద ఇంకో పట్టా వేసింది. గంట గంటకీ థర్మామీటర్ గుచ్చింది. లీగ్‌కి ఫోన్ చెయ్యాలని మూడుసార్లు చేతిలోకి తీసుకుంది, మూడుసార్లూ పెట్టేసింది. చెబితే మొదటి ప్రశ్న “ఎవరు మూశారు?” అని వస్తుంది. చెప్పకపోతే, బహుశా మబ్బు పట్టవచ్చు, బహుశా ఎండే రాకపోవచ్చు, రిఫరీయే వాయిదా వెయ్యవచ్చు. ఆ బహుశాలు పట్టుకునే తెల్లవార్లూ గడిపింది. ఇంతకాలం మబ్బు పట్టకూడదని మొక్కుకున్న మనిషి, జీవితంలో మొదటిసారి మబ్బు కోసం ఆకాశం వంక చూసింది.

ఆదివారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

పదికి ఐదు నిమిషాలుండగా రిఫరీ బెర్తియో వచ్చాడు. పొడుగాటి, నిదానమైన మనిషి. చేతిలో అట్టకి బిగించిన ఫారం. వెనకాల రెజిస్, రెండు రోజులుగా ఒడిల్ కంట పడకుండా తిరిగినవాడు, ఇప్పుడు మహా బాధగా ముఖం పెట్టుకుని వచ్చాడు. “చాలా చలండీ, చాలా చలి,” అని నాలుగడుగులకోసారి అంటున్నాడు. ఆయన లెక్కలో ఇంకో పది నిమిషాల్లో మ్యాచ్ వాయిదా.

గాస్పార్ పట్టాలు తీసేశాడు. అవతల కటకటాల దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. ఒడిల్ తలతిప్పి చూస్తే తండ్రి. మానేసిన తర్వాత పొద్దునపూట ఆయన ఇక్కడికి రావడం ఇదే మొదలు.

బెర్తియో ఎండ సగం అంతా తొక్కి చూశాడు. తల ఊపాడు. గీత దాటి నీడ సగంలోకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే మూల సందులోంచి ఎండ జారి, గడ్డి మీద పసుపు పచ్చగా పరుచుకుంది. రిఫరీకి అది హాయిగా అనిపించినట్టుంది, అక్కడే ఆగాడు. మడమ పెట్టి నొక్కాడు. దిగింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా దిగింది.

“భేషుగ్గా ఉంది మదామ్ తిరియోన్. ఈ చలిలో ఇలా నిలబెట్టారంటే మీ చేతికి దణ్ణం పెట్టాలి,” అన్నాడు. “ఆడించేద్దాం.”

రెజిస్ ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, ఒడిల్ మీద కళ్ళు నిలిపాడు. ఆయనకి అంతు పట్టలేదు. వాల్వు సంగతి ముసలాయన చెప్పే ఉంటాడు, మరి నేల ఎందుకు మెత్తగా ఉందో తెలీదు.

ఒడిల్ మూల సందు వంక చూసింది. ఇంకో ఇరవై నిమిషాల్లో ఈ ఎండ పోతుంది. మళ్ళీ పట్టాలు కప్పేస్తారు, మూడింటికి ఇక్కడ పైన తడి, కింద పలక. ఇటువైపే లుసియెన్ పరిగెత్తాలి. ఇటువైపే కెర్మోర్ కుర్రాడెవడో వాడి వెంటపడాలి. నోరు మూసుకుంటే ఆట ఉంటుంది, క్లబ్ ఉంటుంది, తండ్రి పేరు బయటికి రాదు. ఒక కాలు మాత్రం పోవచ్చు. పోకపోవచ్చు కూడా. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట నాన్న కూడా ఇక్కడే ఎక్కడో నిలబడి, పోకపోవచ్చులే అనుకుని ఉంటాడు.

“వద్దు మొస్యు బెర్తియో,” అంది.

బెర్తియో తలెత్తాడు. “ఏమన్నారు?”

“ఇది ఆడే నేల కాదు. ఈ మెత్తదనం పైపైనే. రెండు వేళ్ళ కింద గడ్డకట్టి ఉంది.”

“అదేమిటి? మ్యాచ్‌కి ముందు పంపే రిపోర్టులో, వేడి శుక్రవారం నుంచీ నడుస్తోందని మీరే కదా లీగ్‌కి రాశారు?”

“రిఫరీగారు బాగుందన్నారు కదా ఒడిల్, ఇక చాలు,” అన్నాడు రెజిస్ గబగబా. వాయిదా కోసం రెండు రోజులుగా తహతహలాడినవాడు, ఇప్పుడు ఆట కోసం తహతహలాడుతున్నాడు. నిజం బయటపడితే వాయిదా కాదు, మూడు పాయింట్లూ గోవిందా అని ఆయనకి అర్థమైపోయింది. “ఆవిడకి రెండు రాత్రుల్నించీ నిద్ర లేదు మొస్యు. ఏదో...”

“వేడి శుక్రవారం మధ్యాహ్నం లోపలే వేశాను,” అంది ఒడిల్. “రాత్రికి ఈ సగం వాల్వు మూతపడింది. శనివారం పొద్దున చూసి తెరిచాను. అప్పటికే ఆలస్యమైపోయింది.”

బెర్తియో ఫారం కిందికి దించాడు. ఇంతసేపూ ఉన్న స్నేహం ఆయన ముఖంలోంచి తప్పుకుంది. “వాల్వు దానంతటది మూతపడదు మదామ్. ఎవరో మూసి ఉండాలి.”

“అవును.”

“ఎవరో మీకు తెలుసా?”

రెజిస్ ఆవిడ వంకే చూస్తున్నాడు. కటకటాల దగ్గర ముసలాయన టోపీ తీసి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళుగా ఈ గడ్డి మీద నిలబడి ఒడిల్ ఒక్క రిఫరీతో కూడా అబద్ధం ఆడలేదు. నేల సంగతి ఇప్పుడే చెప్పేసింది, అందులో ఒక్క అక్షరం దాచలేదు. మిగిలింది ఒక్క పేరు.

“తెలుసు,” అంది. “నేనే.”

బెర్తియో జేబులోంచి పెన్ను తీసి, ఫారం మీద ఆవిడ పేరు రాయడం మొదలుపెట్టాడు.

“అబద్ధం!” అని కటకటాల దగ్గర్నుంచి అనిసె తిరియోన్ అరిచాడు.